తల వంచని సత్యభామ

*అందం ముఖంలో ఉంటుందా? పేరు వచ్చాక దాన్ని మోయడం ఎలా? అమీర్‌పేట సారథి స్టూడియో తొలి రోజుల హీరోయిన్ జమున తన జీవితంతోనే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పారు.*

ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ప్రతి రెండో బోర్డూ అందం గురించే. రాలిన జుట్టు మొలిపిస్తామనేది ఒకటి, మొటిమల మచ్చలు మాయం చేస్తామనేది ఇంకొకటి, పెళ్లికూతురి మేకప్‌కి ప్యాకేజీ అనేది మరొకటి. వాటి సందుల్లో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, లేడీస్ హాస్టళ్ల బోర్డులు. ఏదో ఒక ఊరి నుంచి బ్యాగు భుజాన వేసుకుని వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు ఆ బోర్డుల కింద నుంచే రోజూ క్లాసులకు పోతుంటారు. వాళ్లలో కొందరి దారి మాత్రం సాఫ్ట్‌వేర్ వైపు కాదు, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు. జేబులో ఫొటోలు, కళ్లలో వెండితెర.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది సారథి స్టూడియో. ఇవాళ ట్రాఫిక్ మధ్య ఆ గేటును ఎవరూ ప్రత్యేకంగా చూడరు గానీ, తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్‌లో మొదటి అడుగు వేసింది అక్కడే. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ ఆ స్టూడియో పెట్టే నాటికి అమీర్‌పేట అంటే ఊరి చివర. హైదరాబాద్‌లో పూర్తిగా తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడే తయారైంది. దర్శకుడు గుత్తా రామినీడు. హీరో హరనాథ్‌కి అదే మొదటి సినిమా. హీరోయిన్ మాత్రం అప్పటికే ఆరేడేళ్ల అనుభవం ఉన్న పెద్ద తార. ఆమె జమున.

పేరున్న హీరోయిన్ కొత్త ఊళ్లో, కొత్త స్టూడియోలో, కొత్త హీరో పక్కన నిలబడింది. ఇందులో వింతేముంది అనిపించవచ్చు. కానీ ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆమె కెరీర్‌లో ఒక పెద్ద తుఫాను లేచింది. ఆ తుఫానులో ఆమె ఎలా నిలబడిందో తెలిస్తే, అందం గురించీ పేరు గురించీ మనం అనుకునే మాటలు కొన్ని తారుమారవుతాయి.

పసుపు ఊరి పిల్ల

జమున పుట్టింది 1936 ఆగస్టు 30న, హంపీలో. పెరిగింది మాత్రం గుంటూరు జిల్లా దుగ్గిరాలలో. పసుపు వ్యాపారానికి పేరున్న ఊరు. తల్లి కౌసల్యాదేవికి సంగీతం వచ్చు. కూతురికి పాటా, హార్మోనియం నేర్పింది ఆవిడే. నాటకాల గాలి బాగా వీచే ప్రాంతం అది. తర్వాతి రోజుల్లో కంచుకంఠం జగ్గయ్యగా పేరు తెచ్చుకున్న నటుడి ఊరు మోరంపూడి కూడా అక్కడికి దగ్గరే. నాటకం ఆడటానికి దుగ్గిరాల వచ్చిన సావిత్రి వాళ్లింట్లోనే బస చేశారు. ఆ పరిచయం అక్కాచెల్లెళ్ల బంధంగా మారింది. చివరిదాకా జమున నోట సావిత్రి పేరు వస్తే ‘అక్క’ అనే వచ్చేది.

ప్రజానాట్యమండలి డాక్టర్ గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’ తీస్తూ ఈ పదహారేళ్ల పిల్లకు అవకాశం ఇచ్చారు. ఆ సినిమా 1953లో వచ్చింది. అదే ఏడాది హాలీవుడ్‌లో ‘రోమన్ హాలిడే’తో ఆడ్రీ హెప్‌బర్న్ ప్రపంచానికి పరిచయమైంది. ఆమెకు ఆ ఒక్క సినిమాతోనే ఆస్కార్ వచ్చింది. మన ‘పుట్టిల్లు’ మాత్రం ఆడలేదు. అయినా 1955లో విజయావారి ‘మిస్సమ్మ’ వచ్చేసరికి జమున ఇంటింటికీ తెలిసిపోయారు. సావిత్రి మేరీ అయితే, ఆమె చెల్లెలు సీత జమున. పద్దెనిమిదేళ్లు. పక్కన ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, రేలంగి లాంటి హేమాహేమీలు. ఆ గుంపులో తప్పిపోకుండా కనపడటమే పెద్ద పరీక్ష. ఆ చెల్లెలు తప్పిపోలేదు.

కాలు మీద కాలు

ఇక తుఫాను సంగతి. 1950ల చివర్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ జమునతో నటించకూడదని నిర్ణయించుకున్నారు. సెట్లో పెద్దవాళ్ల ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందనీ, షూటింగ్‌కి ఆలస్యంగా వస్తుందనీ ఆమె మీద వచ్చిన మాటలు. సుమారు మూడేళ్లు ఇది నడిచింది. ఈ విషయం జమున దాచుకోలేదు. పెద్దయ్యాక ఎన్నో ఇంటర్వ్యూల్లో తనే చెప్పుకొచ్చారు.

ఆ రోజుల్లో దీని అర్థం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. తెలుగు సినిమా అంటే ఆ ఇద్దరు హీరోలే. నిర్మాత డబ్బు పెట్టాలన్నా, పంపిణీదారు అడ్వాన్సు ఇవ్వాలన్నా ఆ రెండు పేర్లలో ఏదో ఒకటి కావాలి. ఆ ఇద్దరూ వద్దన్న హీరోయిన్‌కి తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోవడమే మిగిలేది. క్షమాపణ చెప్పేస్తే గొడవ వదిలిపోతుందని సలహాలు వచ్చాయి. చెయ్యని తప్పుకు క్షమాపణ ఎందుకన్నది జమున పట్టు. చెప్పలేదు.

చెప్పకుండా ఇంట్లో కూర్చున్నారా అంటే అదీ లేదు. హరనాథ్, జగ్గయ్య లాంటి నటులతో సినిమాలు చేసుకుంటూ పోయారు. తమిళం, కన్నడం, హిందీ దారులు కూడా ఆమెకు తెరుచుకున్నాయి. ఆమె కెరీర్ ఆగలేదు.

మగ హీరో కాలు మీద కాలేసుకుంటే ఠీవి. హీరోయిన్ వేసుకుంటే పొగరు. ఈ లెక్క ఇవాళ్టిది కాదు. జమున కంటే ముందు భానుమతికీ ఇదే పేరు పెట్టారు. ‘మిస్సమ్మ’లో మొదట అనుకున్న నాయిక ఆవిడే. చక్రపాణితో మాట పట్టింపు వచ్చి తప్పుకున్నారు, ఆ పాత్ర సావిత్రిని వరించింది. భానుమతి మాత్రం సొంత స్టూడియో, సొంత దర్శకత్వం, పైగా ‘అత్తగారి కథలు’తో రచయిత్రిగా ఇంకో గుర్తింపు సంపాదించుకున్నారు. అద్దం ఒక్కటే నమ్ముకున్న మనిషి కాదు ఆవిడ. జమునకు అలాంటి స్టూడియో లేదు, వెనక నిలబడే పెద్ద బ్యానరూ లేదు. ఉన్నదల్లా మొండితనం.

చివరికి విజయావారు ‘గుండమ్మ కథ’ తలపెట్టినప్పుడు చక్రపాణి పూనుకుని రాజీ కుదిర్చారు. గుండమ్మ ముద్దుల కూతురు సరోజ పాత్రకు జమునే కావాలన్నారట. 1962లో సినిమా వచ్చింది. తర్వాత కథ మీకు తెలిసిందే. తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నడిచే సినిమా అది.

ముఖం ఎవరి సొత్తు?

హాలీవుడ్‌లో ఇలాంటిదే ఒక కథ ఉంది. ‘గాన్ విత్ ద విండ్’లో మెలనీగా నటించిన ఒలీవియా డి హావిలండ్‌కి వార్నర్ బ్రదర్స్‌తో ఏడేళ్ల ఒప్పందం. నచ్చని పాత్ర వద్దంటే జీతం ఆపి, ఖాళీగా కూర్చోబెట్టి, ఆ కూర్చున్న రోజుల్ని కూడా ఒప్పందం చివర కలిపేవారు. ఏడేళ్లు అయ్యాక ఇంకా మిగిలే ఉందన్నారు. ఆమె 1943లో కోర్టుకెక్కింది. సుమారు రెండేళ్లు సినిమాల్లేవు. ఆమెకు వేషం ఇవ్వొద్దని మిగతా స్టూడియోలకు కబుర్లు వెళ్లాయి. 1944 చివర్లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. క్యాలెండర్‌లో ఏడేళ్లు గడిస్తే ఒప్పందం తీరినట్టే. ఇవాళ్టికీ ఆ సూత్రాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత రెండు ఆస్కార్లు గెలిచి, 104 ఏళ్లు బతికి, 2020లో కన్నుమూసింది.

మన దగ్గర ఆ అదృష్టం లేని మనిషి కాంచనమాల. తెలుగు తెర తొలి సౌందర్యరాశి అని పెద్దవాళ్లు చెప్పుకునేది ఆమెనే. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ ఆమెను ఆకాశానికెత్తింది. ఆ సినిమా తీసిన సారథి ఫిలిమ్స్ కూడా చల్లపల్లి రాజావారిదే. తర్వాత అమీర్‌పేటలో వెలిసిన స్టూడియోకి పేరు అక్కడి నుంచే వచ్చింది. కాంచనమాల బొమ్మ వేసిన క్యాలెండర్లు ఇళ్లల్లో వేలాడిన రోజులవి. 1942లో జెమినీ ‘బాలనాగమ్మ’ కూడా బ్రహ్మాండంగా ఆడింది. కానీ జెమినీ వాసన్‌తో ఒప్పందం దగ్గర పేచీ వచ్చింది. బయట సినిమాలు చేసే వీల్లేక, ఆ గొడవలోనే కుంగిపోయి, నిండు వయసులో తెరకు దూరమయ్యారు. మనసు కూడా చెదిరింది. 1963లో ‘నర్తనశాల’లో చిన్న పాత్రలో ఒకసారి కనపడి, మళ్లీ కనుమరుగయ్యారు. 1981లో చనిపోయారు.

అదే 1981 డిసెంబరు 26న సావిత్రి కూడా వెళ్లిపోయారు, నెలల తరబడి కోమాలో ఉండి. చేతికి ఎముక లేని మనిషి, నమ్మితే ప్రాణం పెట్టే మనిషి. ఆవిడ కథ ‘మహానటి’ రూపంలో 2018లో ఈ తరానికీ తెలిసింది. ఆ సినిమా వచ్చినప్పుడు జమున ఊరుకోలేదు. సావిత్రిని దగ్గర నుంచి చూసిన తనను ఒక్క మాట అడగలేదేమని బాహాటంగానే అన్నారు. ఎనభై దాటినా ఆ నోటికి మొహమాటం రాలేదు.

ముగ్గురూ అందగత్తెలే. ముగ్గురూ మహానటులే. ఒకరిది తప్పు, ఇంకొకరిది ఒప్పు అని తీర్పు చెప్పడానికి మనమెవరం? కానీ ఒక్కటి మాత్రం తెలుస్తుంది. ముఖం కెమెరాకి అద్దెకిచ్చిన వస్తువు. పేరు జనం ఇచ్చింది, జనమే మర్చిపోతారు కూడా. ఆ రెండూ పోయినా నిలబడటానికి లోపల ఇంకేదో ఉండాలి. కాంచనమాలకు ఆ రోజు పక్కన నిలబడి కోర్టు దాకా తీసుకెళ్లే మనిషి ఒక్కరున్నా ఆమె కథ వేరేగా ఉండేదేమో.

సత్యభామ అందం ఎక్కడుంది?

జమున అనగానే మనకు గుర్తొచ్చే వేషం సత్యభామ. 1957లో ‘వినాయక చవితి’లో మొదలై, 1966లో రామానాయుడు నిర్మాణంలో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’తో ఆ పాత్ర ఆమెకు శాశ్వతంగా అతుక్కుపోయింది. అలిగిన భామ, కాళ్ల దగ్గర కృష్ణుడు, ఆ కిరీటం మీద ఎడమ కాలు. నంది తిమ్మన కాలం నుంచి తెలుగువాళ్లకు తెలిసిన ఘట్టమే. కానీ ఆ కృష్ణుడు ఎన్టీఆర్! ఒకప్పుడు కాలు మీద కాలు వేసుకుందని ఎవరి దగ్గర మాట పడిందో, ఆ హీరో తల మీదే కాలు పెట్టే సన్నివేశం. ఇద్దరూ పాత సంగతి పక్కన పెట్టి పాత్రల్లో దిగిపోయారు కాబట్టే అది పండింది.

ఇక్కడ అందం గురించి ఒక చిత్రమైన సంగతి చెప్పుకోవాలి. తెలుగు రంగస్థలం మీద అంతకు ముందు సత్యభామ అంటే స్థానం నరసింహారావు. బాపట్ల నుంచి వచ్చిన మగవాడు. ఆయన చీర కట్టి, జడ ముందుకు వేసుకుని వేదిక మీదికి వస్తే ఆడవాళ్లే నివ్వెరపోయి చూసేవారట. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణశర్మదీ అదే మాయ. పుట్టుకతో వచ్చిన స్త్రీ ముఖం కాదు వాళ్లది. నడక, చూపు, మెడ తిప్పడం, మాట విరుపు, వీటితోనే సత్యభామ అందాన్ని కట్టారు.

జమున ఆ సంప్రదాయాన్నే తెరకెక్కించారు. మీరు ఆ సినిమా మళ్లీ చూసినప్పుడు నగలు, కిరీటం కాసేపు మర్చిపోయి ఆమె మెడ చూడండి. మాట అనే ముందే మెడ అంటుంది. ఆ తర్వాత కనుబొమ, ఆఖరున నోరు. ముక్కు తీరు, కళ్ల సైజు అందరికీ దొరకవు గానీ, ఇది మాత్రం నేర్చుకుంటే వచ్చేదే. ఫిల్టర్లు పెట్టి ఫొటోలు తీసుకునే ఈ కాలంలో ఎవరూ చెప్పని రహస్యం అది. ఫొటో కదలదు. అందం కదలికలో ఉంటుంది.

నగలు తీసేస్తే

అలాంటి భామ 1964లో నగలన్నీ తీసేసి గోదావరి ఒడ్డున పల్లెటూరి గౌరిగా నిలబడ్డారు. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’. కథ మధ్యలో ఏఎన్నార్, సావిత్రి ఉన్నారు. గౌరిది పక్క పాత్రే. ప్రేమించిన గోపి మనసు వేరే చోట ఉందని తెలిసీ నవ్వుతూ, కవ్విస్తూ తిరిగే పిల్ల. పైగా ముసలి గౌరిగా గడిచిన కథ చెప్పేదీ ఆమే. ఇరవై ఏడేళ్ల వయసులో, పేరు ఉచ్చస్థితిలో ఉండగా తెర మీద ముడతలు పెట్టుకుని కూర్చోవడానికి ఏ హీరోయిన్ ఒప్పుకుంటుంది? జమున ఒప్పుకున్నారు. అదే పాత్ర హిందీ ‘మిలన్’లోనూ చేసి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటి అవార్డు ఇంటికి తెచ్చుకున్నారు.

1971లో ‘బంగారుతల్లి’లో, హిందీ ‘మదర్ ఇండియా’లో నర్గీస్ చేసిన తల్లి పాత్ర. ఎదిగిన కొడుకులకు అమ్మ. మరుసటి ఏడాది ‘పండంటి కాపురం’లో పగతో రగిలే రాణీ మాలినీదేవి. ఒకటి ఏడిపించే పాత్ర, ఇంకొకటి తిట్టించుకునే పాత్ర. వయసు మీద పడుతోందని తెలిసినప్పుడు నటికి రెండే దారులు అంటారు. గ్రెటా గార్బోలా ముప్ఫై ఆరేళ్లకే తెర దించేసి, నల్లకళ్లద్దాల వెనక మిగతా బతుకంతా గడిపేయడం ఒకటి. అద్దంతో రోజూ యుద్ధం చేయడం రెండోది. జమున మూడో దారి పట్టారు. వయసుకు తగ్గ వేషం వేసుకున్నారు. అందులోనూ తల ఎత్తుకునే ఉన్నారు.

పేరు పోయాక

1965లో ఆమె పెళ్లి చేసుకున్నది సినిమా మనిషిని కాదు, జంతుశాస్త్రం పాఠాలు చెప్పే జూలూరి రమణారావును. కొడుకు వంశీ జూలూరి అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయంలో మీడియా ప్రొఫెసర్. ఇంటికి వెళ్తే స్టార్ హీరోయిన్‌గా కాక ఇల్లాలిగా, అమ్మగా ఉండే చోటు ఒకటి ఆమెకుంది. పేరు దిగిపోయే రోజున పరుపులా పట్టుకునేది అలాంటి చోటే.

వేషాలు తగ్గాక ఆమె రాజకీయాల్లోకి వెళ్లారు. 1989లో కాంగ్రెస్ అభ్యర్థిగా రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారు. ఏ గోదావరి ఒడ్డున గౌరిగా పరుగులు తీశారో ఆ ఒడ్డు జనమే ఓట్లేశారు. 1991లో ఓడిపోయారు. ఓడినందుకు కుమిలిపోయిన దాఖలాలేం లేవు. నాటకాల వాళ్ల కోసం సంఘం నడిపారు. పేద రంగస్థల కళాకారుల పక్షాన తిరిగారు. తను ఎక్కడి నుంచి వచ్చారో ఆ మెట్టు మర్చిపోలేదు.

ఆఖరి రోజుల్లో సభకు వచ్చినా, టీవీ ఇంటర్వ్యూకి కూర్చున్నా నిండైన చీర, నుదుట బొట్టు, తీర్చిన జుట్టు. వయసు దాచుకోవడానికి కాదు, ఎదుటివాళ్ల ముందుకు వస్తున్నామన్న మర్యాద. 2023 జనవరి 27న బంజారాహిల్స్‌లోని సొంత ఇంట్లో, 86 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. దాదాపు రెండు వందల సినిమాలు మిగిల్చి.

జమున గారిది అంతా ఒప్పే అని చెప్పడం లేదు. పట్టుదల ఎక్కువైతే మనుషులు దూరమవుతారు. మొహమాటం లేని మాట కొందరిని నొప్పిస్తుంది. ఆ ధర ఆమె కట్టారు. కానీ ఫొటోల కవరు పట్టుకుని ఇవాళ కృష్ణానగర్ బస్సెక్కే అమ్మాయికి ఆ జీవితం నుంచి దొరికేవి రెండున్నాయి. ఒకటి, ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు చదవమని. కాంచనమాల కథ అందుకే గుర్తుంచుకోవాలి. రెండు, ఎవరో పొగరన్నారని కాలు కిందికి దించే ముందు ఒక్క క్షణం ఆగి, తప్పు నిజంగా మనదేనా అని చూసుకోమని. తప్పయితే దించవచ్చు. కాకపోతే అక్కర్లేదు.

ఈసారి టీవీలో ‘గుండమ్మ కథ’ వస్తే సరోజను కాస్త జాగ్రత్తగా చూడండి. ఎన్టీఆర్, ఏఎన్నార్, జమున ఒకే ఇంట్లో తిరుగుతుంటారు. మూడేళ్ల మౌనం తర్వాత మళ్లీ కలిసిన మనుషులు వాళ్లు. ఆ అమ్మాయి ముఖంలో బెదురు గానీ, గెలిచానన్న గర్వం గానీ ఎక్కడైనా కనపడుతుందేమో వెతకండి. అమ్మ గారాబం చేసి చెడగొట్టిన కూతురు తప్ప ఇంకేమీ కనపడదు.